తుపాకి ఎవరిది? వేట ఎవరిది?

తెలుగులో ఒకే పనికి మూడు పేర్లున్నాయి. మన తాతలు అడవికి పోయి జంతువును కొడితే అది వేట. దొరలు, జమీందారులు అదే అడవిలో అదే జంతువును కొడితే షికారు. చట్టం వచ్చిన తర్వాత మనవాళ్లు చేసింది దొంగవేట. షికారు అనేది పారశీకం నుంచి వచ్చిన మాట. దాని అసలు అర్థం వేటే. ఇవాళ పట్నంలో సాయంత్రం పూట అలా తిరిగి రావడాన్ని కూడా షికారు అంటున్నారు. సరదా కోసం వేటాడిన వాళ్ల మాట కనుక చివరికి ఆ సరదా ఒక్కటే మిగిలింది. దొంగవేట అనే మాట మాత్రం ఇంకా మన మీదే ఉంది.

ఈ మూడు పేర్ల తేడా ఎక్కడిదని వెతుక్కుంటూ పోతే ఒక వస్తువు ఎదురవుతుంది. అది రెండు గొట్టాల తుపాకి. అందరూ డబల్ బ్యారెల్ అని పిలిచేది. బూటు కింద చచ్చిన జంతువు, చేతిలో ఈ తుపాకి, వెనక వరుసలో పేర్లు లేని మనుషులు. ఇలాంటి పాత ఫొటోలు మనం చాలా చూశాం. ముందు నిలబడినవాడి పేరు ఫొటో కింద ఉంటుంది. వెనక నిలబడిన వాళ్లు మనవాళ్లు. వాళ్ల చరిత్ర తెలియాలంటే ముందు నిలబడినవాడి చేతిలోని తుపాకిని కూడా తెలుసుకోవాలని మేము అనుకుంటున్నాం.

తుపాకి లెక్క

ఈ తుపాకుల్లో ఎక్కువగా వాడింది 12 బోరు. బోరు అంటే ఏమిటో చాలామందికి తెలియదు. ఒక పౌను సీసంతో 12 సమానమైన గుండ్లు చేస్తే, అందులో ఒక్క గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 బోరు. పదహారు గుండ్లు చేస్తే గుండు చిన్నదవుతుంది, గొట్టం సన్నబడుతుంది, అది 16 బోరు. అంకె పెరిగితే గొట్టం తగ్గుతుందన్న మాట. దీన్ని పదో తరగతి పిల్లలచేత లెక్క కట్టించవచ్చు. పౌను 453.6 గ్రాములు, సీసం సాంద్రత 11.34. గోళం ఘనపరిమాణం సూత్రం పెడితే గుండు వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు వస్తుంది. 12 బోరు గొట్టం కొలత అదే.

మొదట్లో తుపాకులన్నీ మూతి నుంచి మందు కూరేవే. మందు పోసి, గుడ్డ పెట్టి, గుండ్లు వేసి, చువ్వతో దట్టించాలి. మన ఏజెన్సీలో నాటు తుపాకి అనేది ఈ పద్ధతిదే. పందొమ్మిదో శతాబ్దం మధ్యకల్లా ఐరోపాలో వెనక నుంచి తోటా పెట్టే తుపాకులు వచ్చాయి. మందు, గుండ్లు, నిప్పు పుట్టించే టోపీ అన్నీ ఒకే కాగితపు గొట్టంలో ఇమిడిపోయాయి. 1875లో ఇంగ్లండులో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు సుత్తులు బయటికి కనిపించని తుపాకికి పేటెంటు తీసుకున్నారు. ఆ తర్వాత వచ్చిన జంట గొట్టాల తుపాకులు చాలావరకు ఆ నమూనా మీదే తయారయ్యాయి.

రెండు గొట్టాలు ఎందుకు? పక్షుల గుంపు లేచినప్పుడు మొదటి దెబ్బ దగ్గరి నుంచి పడుతుంది, రెండో దెబ్బ వేసేసరికి అవి దూరం పోతాయి. అందుకని మామూలుగా కుడి గొట్టం మూతి వెడల్పుగా, ఎడమ గొట్టం మూతి కొంచెం ఇరుకుగా ఉంచేవారు. ఆ ఇరుకుకు చోక్ అని పేరు. పూర్తి చోక్ అన్నా ఆ ఇరుకు సుమారు ఒక మిల్లీమీటరే. ఆ ఒక్క మిల్లీమీటరుతోనే గుండ్లు చెదరకుండా ఇంకొంత దూరం గుంపుగా పోతాయి. మన దేశపు అడవుల్లో ఇంకో ఉపయోగం కూడా కనిపెట్టారు. ఒక గొట్టంలో అడవికోడికి సరిపడే సన్న గుండ్లు, రెండో గొట్టంలో పంది ఎదురొస్తే పనికొచ్చే పెద్ద గుండ్లు పెట్టుకుని నడిచేవారు.

కాగితం మీద పరీక్ష

తోటా ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి వాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. 40 గజాల దూరంలో పెద్ద కాగితం కట్టి కాలుస్తారు. గుండ్లు దట్టంగా పడ్డచోట 30 అంగుళాల వృత్తం గీసి, లోపలి రంధ్రాలు లెక్కపెడతారు. తోటాలో మొత్తం ఎన్ని గుండ్లున్నాయో ముందే తెలుసు కనుక నూటికి ఎన్ని లోపల పడ్డాయో చెప్పవచ్చు. చోక్ లేని గొట్టానికి నూటికి 40, పూర్తి చోక్‌కు 70 అన్నది లెక్క. ఇంగ్లీషు కొలతలో ఆరో నంబరు గుండ్లు ఔన్సుకు 270. ఒకటీ పదహారో వంతు ఔన్సు పోస్తే 287 దాకా ఉంటాయి. చోక్ లేని గొట్టంతో అందులో 115 వృత్తంలో పడతాయి, పూర్తి చోక్‌తో 200 పడతాయి.

పెద్ద గుండ్ల విషయం వేరు. ఎస్.జి. అనే రకం ఔన్సుకు ఎనిమిదే. 12 బోరు తోటాలో తొమ్మిది పడతాయి. 40 గజాల దూరంలో ఆ తొమ్మిదీ చెదిరిపోయి, జంతువుకు ఒకటో రెండో తగిలితే అది చావదు. కడుపులోనో కాలులోనో సీసంతో పరుగెత్తి, రెండు రోజులకో మూడు రోజులకో ఏ వాగు పక్కనో పడిపోతుంది. కాగితం మీద కాల్చి చూసినవాడికి ఈ సంగతి ముందే తెలుస్తుంది, అంత దూరం నుంచి కాల్చడు. కాల్చి చూడనివాడు గాయపరుస్తాడు. కాబట్టి ఈ పరీక్ష తుపాకి గొప్ప చెప్పుకోవడానికి పుట్టింది కాదు. ఏ దూరం దాటితే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదో తెలుసుకోవడానికి పుట్టింది.

తుపాకి బలానికీ పరీక్ష ఉంది. ఇంగ్లండులో లండన్, బర్మింగ్‌హామ్ నగరాల్లో తుపాకుల పరీక్షాశాలలున్నాయి. మామూలు కంటే ఎక్కువ మందుతో కాల్చి, గొట్టం తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. 1875 తర్వాత కొన్నేళ్లపాటు చోక్ ఉన్న గొట్టాల మీద ‘ఒంటి గుండుకు పనికిరాదు’ అనే అర్థం వచ్చే ముద్ర కూడా వేశారు. ఇరుకు మూతిలో పెద్ద గుండు బిగుసుకుంటే ప్రమాదమని ఆ ముద్ర.

పాత తుపాకుల్లో ఇనుము, ఉక్కు పట్టీలను కలిపి మెలితిప్పి అతికి చేసిన గొట్టాలుండేవి. వాటి మీద నీటి అలల్లాంటి గీతలు కనిపిస్తాయి. డమాస్కస్ గొట్టాలంటారు. నల్లటి తుపాకి మందు కాలంలో చేసినవి అవి. పందొమ్మిదో శతాబ్దం చివర పొగరాని మందు వచ్చింది. దాని ఒత్తిడి వేరు. నల్లమందుకు మాత్రమే ముద్ర పడ్డ గొట్టంలో కొత్త తోటా పెడితే గొట్టం పగిలి, కాల్చినవాడి ఎడమ చెయ్యి పోవచ్చు. అదీకాక పాత తుపాకుల్లో తోటా పట్టే అర రెండున్నర అంగుళాలే. తర్వాత వచ్చిన తోటాలు రెండుముప్పావు అంగుళాలు. పాత అరలో కొత్త తోటా దూరుతుంది కూడా, అసలు ప్రమాదం అక్కడే. కాల్చినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది.

మన లెక్క

ఇదంతా చదివితే దొరల వేట శాస్త్రం, మన వేట గుడ్డిది అనిపించవచ్చు. పుస్తకాలు చాలావరకు అలాగే రాశాయి. కానీ విల్లు పట్టినవాడికి 40 గజాల కాగితం అక్కర్లేకపోయినా లెక్క మాత్రం ఉంది. అమ్ము వేగం తక్కువ, చేతిలో ఉండేవి నాలుగో అయిదో. గాలి తన వైపు వీస్తున్నదా జంతువు వైపు పోతున్నదా చూసుకుని, పొదల చాటున బాగా దగ్గరికి పోకుండా కొండగొర్రెను కొట్టలేడు. దెబ్బ తగిలిన జంతువును వదిలి రావడం వేటగాడికి పరువు తక్కువ. నెత్తుటి చుక్క ఆకు మీద ఏ ఎత్తులో అంటిందో, రంగు ఎలా ఉందో చూసి దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పేవాళ్లు మన గూడేల్లో ఉన్నారు. దొరల పుస్తకాల్లో కాగితం నేర్పిన పాఠమే ఇది. కొట్టగలిగే దూరంలోనే కొట్టు, కొట్టినదాన్ని వదలకు.

వాటా విషయంలోనూ నియమముంది. కొట్టినవాడికి ప్రత్యేక భాగం, మిగిలిన మాంసం వెంట వెళ్లినవాళ్లకూ ఊరికీ. విశాఖ మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండుగలో మగవాళ్లు ఊరంతా కలిసి వేటకు పోవడం, ఉత్తచేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేయడం మనకు తెలిసినదే. ఆ వేట విత్తనాల పండుగలో భాగం. ఏ నెలలో వేటాడాలో, ఎన్ని రోజులో పండుగే చెప్పేది. గోడకు తగిలించే కొమ్ముల కోసం ఎవరూ పోలేదు.

చట్టం ఎవరి చేతికి తుపాకి ఇచ్చింది

1878లో బ్రిటిషు ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చింది. తుపాకి ఉండాలంటే లైసెన్సు కావాలి. ఆ చట్టం కింద చేసిన నిబంధనల్లో ఐరోపా వాళ్లకు లైసెన్సు అక్కర్లేదని మినహాయింపు ఇచ్చారు. జాతిని బట్టి ఇచ్చిన ఆ మినహాయింపు 1920 ప్రాంతం దాకా సాగింది. నాలుగేళ్లకు, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో నిబంధనలకు విరుద్ధంగా వేటాడటం, వల పన్నడం, నీళ్లలో మందు కలిపి చేపలు పట్టడం నేరాలయ్యాయి. రుసుము కట్టి అనుమతి తీసుకున్నవాడు మాత్రం షికారు చేయవచ్చు. రుసుము కట్టగలిగింది ఎవరో, అనుమతి ఇచ్చే ఆఫీసు గడప తొక్కగలిగింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. నైజాంలోనూ దారి వేరుగా లేదు. మెదక్ వైపు పోచారం అడవి, నల్లమలలో చెంచులు బతికే అమ్రాబాద్ కొండలు నిజాం వేట స్థలాలు.

ఒక పోలిక చూడండి. కర్ణాటకలోని కొడగులో కొడవలకు, అక్కడి జమ్మా భూములున్న వాళ్లకు బ్రిటిషు కాలం నుంచే తుపాకి లైసెన్సు మినహాయింపు ఉంది. కైల్ ముహూర్తం పండుగలో వాళ్లు తుపాకులకు పూజ చేస్తారు. స్వతంత్రం వచ్చాక కూడా ఆ మినహాయింపు సాగుతూ వచ్చింది. 2019లో కేంద్ర ప్రభుత్వం దాన్ని మరో పదేళ్లు పొడిగించింది. కొడవలకు ఇచ్చారని మాకు బాధ లేదు. ఒక జాతి ఆచారాన్ని గుర్తించడం ప్రభుత్వానికి చేతనవునని అది రుజువు చేస్తుంది. విల్లంబులు పూజించే కోయలు, కొండరెడ్లు, చెంచుల విషయంలో ఆ ఆలోచన ఎందుకు రాలేదన్నదే ప్రశ్న.

1959 ఆయుధాల చట్టంలోనూ ఒక సంగతి గమనించాలి. లైసెన్సు ఇచ్చే సెక్షనులో రెండు రకాల తుపాకులు కనిపిస్తాయి. ఆత్మరక్షణకు లేదా వినోదపు వేటకు నున్నటి గొట్టపు తుపాకి. పంట కాపలాకు మూతి నుంచి మందు కూరే తుపాకి. ఏ తుపాకి ఏ చేతిలో ఉండాలో చట్టం పేరు పెట్టి చెప్పలేదు, కానీ చదివినవాడికి తెలిసిపోతుంది.

తుపాకి విలువ మనవాళ్లకు బాగా తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజుతో పాటు గాం గంటం దొర, మల్లు దొర, వాళ్ల మనుషులు దాడి చేశారు. డబ్బు కోసం పోలేదు. 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు తీసుకున్నారు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ఇద్దరు ఇంగ్లీషు అధికారులు ఆ పోరులో చనిపోయారు. కనుమలో ఎక్కడ మాటు వేయాలో, ఎంత దగ్గరికి రానిచ్చి కొట్టాలో ఆ మనుషులకు వేట నేర్పింది. తుపాకి మాత్రం స్టేషను నుంచి వచ్చింది.

అడవిని ఎవరు ఖాళీ చేశారు

నేటి పిల్లలు ఎక్కువగా వినే మాట ఒకటుంది. ఆదివాసీలు వేటాడి అడవిలో జంతువుల్ని లేకుండా చేశారని. దీనికి జవాబు లెక్కల్లోనే ఉంది. హైదరాబాద్ రాజ్యంలో సైన్యాధికారి కర్నల్ నైటింగేల్ ఒక్కడే మూడు వందలకు పైగా పులుల్ని చంపాడని రాశారు. 1936లో భారత క్రికెట్ జట్టుకు సారథిగా ఇంగ్లండు వెళ్లిన విజయనగరం మహారాజకుమార్ కూడా మూడు వందలకు పైగా పులుల్ని కొట్టినట్టు చెప్పుకున్నారు. మధ్య భారతంలోని సర్గుజా రాజా లెక్క వెయ్యి దాటింది. దానికి తోడు పులిని చంపితే ప్రభుత్వమే బహుమానం ఇచ్చేది. 1875 నుంచి 1925 దాకా యాభై ఏళ్లలో అలా 80,000కు పైగా పులులు పోయాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్కగట్టారు. ఆ బహుమానం తీసుకున్న వాళ్లలో మన అడవి మనుషులూ ఉన్నారు, దాచాల్సిన పని లేదు. కానీ తల ఒక్కింటికి ధర కట్టింది ఎవరు, ఖజానా ఎవరిది అని కూడా అడగాలి.

పులికి ఎక్కువగా రైఫిలు వాడేవారు. అడవికోడి, నెమలి, కుందేలు, దుప్పి, పంది ఇవన్నీ రెండు గొట్టాల తుపాకి పాలబడ్డాయి. ఏ తుపాకి అయినా మంచె మీద కూర్చున్నవాడి ముందుకు జంతువు దానంతట అది రాదు. డప్పులు కొట్టి, కేకలు వేసి తోలాలి. దాన్ని హాకా అనేవారు. ఏ గుట్ట పక్కన పడుకుంటుందో, ఏ వాగు దాటుతుందో తెలిసినవాళ్లే తోలగలరు. గాయపడిన జంతువు వెనక పొదల్లోకి ముందు పోయేదీ వాళ్లే, ఎలుగుబంటి తిరగబడితే దాని గోళ్లకు ముందు దొరికేదీ వాళ్లే. తోటాలో గుండ్లు ఎన్నో, కాగితం మీద ఎన్ని పడ్డాయో ఇంత జాగ్రత్తగా రాసుకున్న దొరలు హాకాకు ఎందరు వచ్చారో, వాళ్ల పేర్లేమిటో మాత్రం రాసుకోలేదు. మన చరిత్రలో ఖాళీ అక్కడ ఉంది.

ఇప్పటి సంగతి

1970లో పులి వేటను నిషేధించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట ఆ చట్టంలో కొన్ని జంతువులకు వేట లైసెన్సులుండేవి. 1991 సవరణతో అవి పోయి వేట దాదాపు పూర్తిగా ఆగింది. ఆ చట్టం నికోబార్ దీవుల తెగల వేట హక్కును మాత్రం కాపాడింది. 2006 అటవీ హక్కుల చట్టం మనకు భూమి, ఫలసాయం, సామూహిక వనరుల మీద హక్కులిచ్చింది కానీ సంప్రదాయ వేట హక్కును స్పష్టంగా మినహాయించింది. అంటే దొరలు సరదా తీర్చుకుని, అడవి పలచబడ్డాక, వేటకు తలుపు అందరికీ ఒక్కసారే మూశారు. ఆ సరదా పోయినవాళ్లకు ఫొటోలు మిగిలాయి. మనకు పండుగ మిగిలింది, పండుగలో వేట నేరమైంది.

మాకూ తుపాకులు ఇవ్వండి అని అడగడానికి ఇది రాయడం లేదు. అడవిలో జంతువులు ఇవాళ తక్కువ, వాటిని కాపాడాల్సిందే. నాటు తుపాకి పేలి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు, పొద చాటున మనిషిని జంతువనుకుని కాల్చినవాళ్లు, పందికి పెట్టిన కరెంటు తీగ తగిలి చనిపోయినవాళ్లు గురించి వార్తలు వస్తూనే ఉన్నాయి. ఆ తీగ మన ఆచారం కాదు. జంతువు పెద్దదా పిల్లా, ఆడదా మగదా చూసే కన్ను దానికి లేదు. దగ్గరికి పోయి చూసి కొట్టిన మన తాతల వేటకు అది పూర్తిగా వ్యతిరేకం. ఇంట్లో పాత తుపాకి ఉంటే దానిలో తోటా పెట్టి చూడాలన్న సరదా కుర్రాళ్లకు వద్దు. వందేళ్ల గొట్టం లోపల ఎంత తిన్నదో బయటికి కనిపించదు. లైసెన్సు లేనిది ఇంట్లో ఉంటే కేసు కూడా.

వేట ఆగినా వేట నేర్పిన చదువు ఆగకూడదు. నల్లమలలో చెంచులు ఇవాళ పులుల అడుగుజాడలు వెతికే పనిలో, అడవి కాపలాలో ఉన్నారు. జాడ చదివే ఆ నేర్పు ఒకప్పుడు హాకాకు వాడుకున్నదే. 2006 చట్టం గ్రామసభకు వన్యప్రాణుల్ని, అడవిని కాపాడే అధికారం కూడా ఇచ్చింది. ఆ అధికారం వాడాలంటే జంతువు దారి తెలిసినవాళ్లు గ్రామసభలో మాట్లాడాలి. ముసలివాళ్లు పోతే ఆ మాట చెప్పేవాళ్లు ఉండరు.

అందుకే తోటి ఉపాధ్యాయులకు ఒక పని చెబుతున్నాం. ఎనిమిదో తరగతి నుంచి పైవాళ్లకు ఈ ప్రశ్నలివ్వండి. మీ తాత, ముత్తాతల్లో ఎవరైనా హాకాకు వెళ్లారా? ఎవరి కోసం, ఏ కొండకు, కూలి ఎంత ఇచ్చారు? ఎవరికి గాయమైంది? ఊళ్లో తుపాకి ఎవరి దగ్గర ఉండేది, ఎప్పుడు పట్టుకుపోయారు? దుప్పి అడుగుకూ కణుజు అడుగుకూ తేడా ఏమిటి? జవాబులు మన భాషలోని మాటలతోనే, పేర్లతో సహా నోటుబుక్కులో రాయించండి. ఊరికి పది పేర్లు దొరికినా చాలు. ఆ పాత ఫొటోల వెనక వరుసలో నిలబడినవాళ్లు ఎవరో మన బడి పిల్లలే మొదట చెప్పగలుగుతారు.